మేఘాలయలో ఒకనాటి జలయాత్ర

మన దేశపటంలో ఈశాన్య దిక్కున, అస్సాం మైదానానికీ బంగ్లాదేశ్ మైదానానికీ నడుమ గోడవలె లేచి నిలిచిన పీఠభూమి ఒకటి ఉన్నది. తూర్పునుండి పడమటికి జయంతియా, ఖాసీ, గారో అనే మూడు కొండసీమలు దానిమీద వరుసగా పరచుకొని ఉన్నాయి. 1970లో అస్సాంలో అంతర్భాగంగానే స్వయంప్రతిపత్తి పొందిన ఈ సీమ 1972 జనవరి 21న మేఘాలయ అనే పేరుతో సంపూర్ణ రాష్ట్రమయింది. ఆ పేరు మాత్రం అంతకంటె పాతది. 1936లోనే భూగోళశాస్త్రవేత్త ఎస్. పి. చటర్జీ ఈ పీఠభూమిని మేఘాలయ అని పిలిచాడు. మేఘాలకు ఆలయమైన చోటు అని తెలుగువారికి వేరుగా అర్థం చెప్పనక్కరలేదు.

ఈ రాష్ట్రంలో దోనెలో నదిమీద సాగడం, కొండ కడుపులోని గుహలో ప్రవేశించడం, జలపాతం కింది మడుగులో ఈదడం అనే మూడు అనుభవాలూ అందుబాటులో ఉన్నాయి. వాటిలో రెండింటినైనా ఒక్క పగటిలో ముగించుకొని రావచ్చు. దేశం నలుమూలలనుండి విద్యార్థి బృందాలు ఇందుకోసం షిల్లాంగుకు చేరుతున్నాయి. అయితే ఈ యాత్రను వినోదంగానే కాక పాఠంగా కూడా చూడదలచిన వారికి కొన్ని ప్రశ్నలు కలుగక మానవు. ఇంత చిన్న రాష్ట్రంలో ఇన్ని జలపాతాలెందుకు? రాతిని తొలిచి ఇన్ని గుహలు చేసినదెవరు? గుహ లోపల దోనె తేలేటంత నీరు ఎలా నిలిచింది? ఆ నీరు ఎంతకాలం ఇంత నిర్మలంగా ఉంటుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

మేఘం ఆగే చోటు

బంగాళాఖాతంమీదుగా వచ్చే నైరుతి రుతుపవనాలకు బంగ్లాదేశ్ మైదానంలో అడ్డమన్నది లేదు. సిల్హెట్ పల్లపు నేలలను దాటిన వెంటనే ఖాసీ కొండల దక్షిణపు అంచు వాటికి ఎదురవుతుంది. దాదాపు సముద్రమట్టపు ఎత్తులో ఉన్న మైదానంనుండి వేయి మీటర్లకు మించిన ఎత్తుకు నేల హఠాత్తుగా లేస్తుంది. లోయలలోకి చొరబడిన తేమగాలి పైకి ఎగబాకక తప్పదు. పైకి పోయినకొద్దీ అది చల్లబడి, మోసుకువచ్చిన నీటినంతా అక్కడనే దింపివేస్తుంది. మాసిన్‌రామ్‌లో సగటున ఏటా 11,872 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. దాని పొరుగుననే ఉన్న చిరపుంజి, అంటే స్థానికులు సోహ్రా అని పిలుచుకొనే ఊరు, దీనికి కొద్దిగా మాత్రమే తక్కువ. 1860 ఆగస్టునుండి 1861 జూలైవరకు గడచిన పన్నెండు నెలలలో చిరపుంజిలో 26,461 మిల్లీమీటర్లు నమోదయింది. 1995 జూన్ 15, 16 తేదీలలో, అనగా 48 గంటలలో, 2,493 మిల్లీమీటర్ల వాన పడింది. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన రికార్డు ఇది.

ఈ నీరంతా పీఠభూమి అంచుకు పరుగెత్తి ఒక్కసారిగా దిగువకు దూకుతుంది. అందువల్లనే ఇక్కడి జలపాతాలు అంత ఎత్తైనవి. సోహ్రా సమీపంలోని నోహ్‌కలికాయ్ జలపాతం సుమారు 340 మీటర్ల ఎత్తునుండి పడుతుంది. ఖాసీ భాషలో నోహ్ అంటే దూకడం. బిడ్డను పోగొట్టుకొన్న దుఃఖంతో లికాయ్ అనే స్త్రీ అక్కడనుండి దూకిందన్న జానపద గాథ ఆ పేరులో నిలిచి ఉన్నది.

ఇంత వాన పడే సోహ్రాలో చలికాలం వచ్చేసరికి తాగునీటికి కటకట ఏర్పడుతుందంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. వాన వరదగా మారి పైమట్టిని ఊడ్చుకొనిపోయింది. అడవి పలచబడిన చోట నీటిని పట్టి ఉంచే శక్తి నేలకు లేకపోయింది. మిగిలిన నీరు రాతి పగుళ్ళగుండా పాతాళానికి జారిపోతుంది. అలా జారిపోయిన నీటి కథయే గుహల కథ.

రాతిని కరిగించే నీరు

మేఘాలయ దక్షిణపు అంచున సున్నపురాతి పొరలు ఉన్నాయి. ఇవి ఇప్పటికి కొన్ని కోట్ల సంవత్సరాల క్రితం, ఈ నేల లోతులేని సముద్రం కింద ఉన్నప్పుడు, జలచరాల గుల్లలు పేరుకొనగా ఏర్పడినవి. వాననీరు గాలిలోనుండి, అంతకంటె ఎక్కువగా మట్టిలోనుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి అతి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది చాలా మెత్తని ఆమ్లమే. కాని సున్నపురాయి దానికి లొంగుతుంది. వేలాది సంవత్సరాలు నీరు ఒకే దారిన ఇంకుతూ ఉంటే వెంట్రుకవాసి పగులు జాన వెడల్పవుతుంది, జాన వెడల్పు దారి మనిషి నిలిచి నడిచే సొరంగమవుతుంది.

గుహను తొలిచిన నీరే దానిని అలంకరిస్తుంది కూడా. సున్నాన్ని కరిగించుకొన్న నీటిబొట్టు గుహ కప్పునుండి వేలాడేటప్పుడు అందులోని వాయువు కొంత గాలిలో కలిసిపోతుంది. అప్పుడు సున్నం నీటిలో ఇమిడి ఉండలేక రాతిమీద పొరగా మిగులుతుంది. కప్పునుండి కిందికి వేలాడే సున్నపు ఊడలు, నేలనుండి పైకి లేచే స్తంభాలు ఇలా పుట్టినవే. స్తంభం ఒక్క సెంటీమీటరు పెరగడానికి వంద సంవత్సరాలు, కొన్నిచోట్ల వేయి సంవత్సరాలు కూడా పట్టవచ్చు. గుహలో దేనినీ చేతితో తాకవద్దని మార్గదర్శి పదే పదే హెచ్చరించడానికి కారణమిదే. చేతి జిడ్డు అంటుకొన్నచోట కొత్త పొర సరిగా పట్టదు.

గుహలో దోనె తేలే మడుగులకు కూడా ఇదే సూత్రం మూలం. గుహలో పారే వాగు చిన్న రాతిమెట్టును దాటేటప్పుడు నీరు పలచనై, సుడులు తిరిగి, వాయువును విడిచిపెడుతుంది. ఆ అంచునే సున్నం పేరుకొంటుంది. మెట్టు క్రమంగా గట్టు అవుతుంది. ఏ మనిషీ కట్టని ఆ ఆనకట్ట వెనుక నీరు నిలిచి చెరువు ఏర్పడుతుంది. జయంతియా కొండలలోని క్రెమ్ చింపే అనే గుహ ఇందుకు చక్కని ఉదాహరణ. పది కిలోమీటర్లకు మించి పొడవున్న ఈ నదీగుహలో ఇటువంటి సహజమైన గట్లు, వాటి వెనుక లోతైన మడుగులు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. కొన్నింటిని ఈదియో, గాలి నింపిన రబ్బరు పడవమీదనో దాటవలసి ఉంటుంది. క్రెమ్ అంటే ఖాసీ భాషలో గుహ.

కొలిచినవారు, కనుగొన్నవి

ఈ గుహల శాస్త్రీయ పరిశీలన మన దేశపు పరిశోధకులకు కొత్త కాదు. గారో కొండలలో సిమ్‌సాంగ్ నది ఒడ్డున ఉన్న సిజూ గుహను 1922లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన స్టాన్లీ కెంప్, బి. చోప్రా పరిశీలించి, అందులోని జీవులను వివరంగా వర్ణించారు. 1992నుండి షిల్లాంగుకు చెందిన బ్రయాన్ ఖర్‌ప్రాన్ చొరవతో మేఘాలయ సాహసికుల సంఘం, విదేశీ గుహాన్వేషకులతో కలిసి, ఏటా ఎండకాలపు ఆరంభంలో గుహలను కొలిచి పటాలు గీసే పని చేపట్టింది. ఆ కృషి ఫలితంగా ఇప్పటికి 500 కిలోమీటర్లకు పైగా గుహామార్గాలు పటాలకెక్కాయి. జయంతియా కొండలలోని క్రెమ్ లియాట్ ప్రా గుహావ్యవస్థ 30 కిలోమీటర్లకు మించినది. 2018లో కొలిచిన క్రెమ్ పురి 24 కిలోమీటర్లకు పైబడిన పొడవుతో ప్రపంచంలోని ఇసుకరాతి గుహలలో అతి పెద్దదిగా పేరు పొందింది.

పొడవుకంటె గొప్ప ఖ్యాతి సోహ్రా సమీపంలోని మామ్లూ గుహకు దక్కింది. సున్నపు స్తంభంలో పొర తరువాత పొరగా ఆయా కాలాల వాన లక్షణం నమోదై ఉంటుంది. పొరలోని ప్రాణవాయు పరమాణువుల రకాలను కొలిచి, ఆ కాలంలో రుతుపవనం బలంగా ఉన్నదో లేదో శాస్త్రజ్ఞులు నిర్ణయించగలరు. మామ్లూ స్తంభం సుమారు 4,200 సంవత్సరాల క్రితం రుతుపవనం బాగా బలహీనపడిందని సాక్ష్యమిచ్చింది. ఆ కాలపు అనావృష్టి గుర్తులు ఈజిప్టు, మెసొపొటేమియా, సింధులోయ ప్రాంతాలలో కూడా చర్చకు వచ్చినవే. 2018లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సంస్థ, అప్పటినుండి నేటివరకు నడుస్తున్న భౌమయుగానికి మేఘాలయ యుగమని పేరు పెట్టింది. ప్రపంచమంతటి పాఠ్యగ్రంథాలలో ఒక భారతీయ రాష్ట్రం పేరు కాలమానంగా నిలవడం సామాన్యమైన విషయం కాదు.

చీకటిలో బ్రతికే ప్రాణులు కూడా ఇక్కడ విశేషమైనవే. 2019లో జయంతియా కొండలలోని ఉమ్ లాడా గుహలో దాదాపు 40 సెంటీమీటర్ల పొడవుగల చేపలు కనిపించాయి. ప్రపంచంలో ఇప్పటివరకు తెలిసిన గుహాచేపలలో ఇవే పెద్దవి. వెలుతురు లేని నీటిలో తరతరాలుగా జీవించినందున వాటికి చూపు, రంగు రెండూ నశించాయి. 2023లో వీటిని కొత్త జాతిగా గుర్తించి, జయంతియా ప్రజలలోని ప్నార్ సమాజం పేరు పెట్టారు.

యాత్ర జరిగే తీరు

జలయాత్రకు నవంబరునుండి ఏప్రిల్‌వరకు అనువైన కాలం. వర్షర్తువులో గుహలన్నీ నీటి గొట్టాలే. పది కిలోమీటర్ల ఎగువన కురిసిన వాన ఎండగా ఉన్న చోటికి కూడా క్షణాలలో వరదగా రాగలదు. అందుచేత వేసవి ముగింపు వానలు మొదలైన తరువాత అనుభవజ్ఞులెవరూ నదీగుహలలో అడుగుపెట్టరు.

కొత్తవారికి సోహ్రాలోని మాస్మాయ్ గుహ అనుకూలం. లోపల విద్యుద్దీపాలున్నాయి, దారి కొద్దిపాటిది. దీపాలు లేని గుహలకు పోదలచినవారు గ్రామంలోని మార్గదర్శి లేకుండా పోరాదు. ముందుగా లోపలికి పోయేవారి పేర్లు, తిరిగివచ్చే వేళ ఊరిలో ఒకరికి చెప్పి ఉంచుతారు. తలకు హెల్మెట్టు, చేతులు ఖాళీగా ఉండేటట్లు నుదుటికి కట్టుకొనే దీపం, అది ఆరిపోతే రెండవది, అదీ పాడైతే మూడవది ఉండాలన్నది గుహాన్వేషకుల నియమం. మార్గదర్శి ముందు నడుస్తాడు, అనుభవమున్న మరొకడు చివర నడుస్తాడు, బలహీనుడి నడకయే బృందపు నడక. గబ్బిలాలు నిద్రించే చోట మాట తగ్గిస్తారు.

నదిమీద దోనె ప్రయాణానికి డాకీ ప్రసిద్ధమైనది. షిల్లాంగునుండి సుమారు 80 కిలోమీటర్ల దూరం. అక్కడ ఉమ్‌ంగోట్ నదిమీద 1932లో కట్టిన వేలాడే వంతెన ఉన్నది. వంతెన కింద సన్నని కొయ్యదోనెలను పడవవారు తెడ్లతో నడుపుతారు. చలికాలంలో నీరు ఎంత తేటగా ఉంటుందంటే, దోనె నీడ నది అడుగునున్న గులకరాళ్ళమీద స్పష్టంగా పడుతుంది. చూసేవారికి దోనె గాలిలో తేలుతున్నట్లు తోస్తుంది. ఈ తేటదనానికి కారణం లేకపోలేదు. వానలు ఆగిన తరువాత నదిలోకి ఒండ్రు రాదు, అడుగున బురద కాక రాళ్ళున్నాయి, ఒడ్డునున్న అడవి మట్టిని పట్టి ఉంచుతుంది. వీటికి తోడు చెత్త వేయనీయని గ్రామస్థుల కట్టుబాటు ఉన్నది. కొద్ది దూరం ఎగువన ఉన్న ష్నాంగ్‌ప్‌డెంగ్ గ్రామంలో కయాక్ అనే ఒంటరి తెడ్డుపడవలు నడపడం నేర్పుతారు.

డాకీనుండి జయంతియా కొండలలోకి తిరిగితే అమ్లారెమ్ సమీపంలో క్రాంగ్ సూరి జలపాతం ఉన్నది. మెట్లు దిగి పోతే నీలివన్నె మడుగు ఎదురవుతుంది. ఈతగాడైనా కాకపోయినా లైఫ్ జాకెట్టు తొడుగుకోకుండా నీటిలో దిగనీయరు. దానికి కారణం తెలుసుకోదగినది. జలపాతం పడేచోట నీటిలో గాలి బుడగలు దట్టంగా కలిసి ఉంటాయి. అటువంటి నీరు శరీరాన్ని మామూలు నీటివలె తేల్చదు. పైగా పడిన నీరు అడుగుకు పోయి మళ్ళీ జలపాతంవైపే తిరిగి, మనిషిని లోపలికి లాగుతుంది. తేటనీటిలో లోతు తక్కువగా కనబడటం మరొక ప్రమాదం. మోకాటిలోతు అనుకొన్నది తలమునక కావచ్చు. మార్గదర్శి గీచిన హద్దును దాటకపోవడం పిరికితనం కాదు, వివేకం.

నేల ఎవరిది?

యాత్రికుడు చెల్లించే రుసుము చాలాచోట్ల గ్రామసంఘానికి చేరుతుంది. దీనిని గ్రహించడానికి ఇక్కడి భూమి వ్యవస్థను కొంత తెలుసుకోవాలి. మన రాజ్యాంగపు ఆరవ షెడ్యూలు ఈ ప్రాంతంలో స్వయంపాలక జిల్లా మండళ్ళను ఏర్పరచింది. భూమి ప్రధానంగా ప్రభుత్వానిది కాదు. కొంత సమాజానిది, కొంత వంశాలది లేదా వ్యక్తులది. వంశం తల్లి పేరుమీద నడుస్తుంది. పూర్వికుల ఇల్లు, దానిని నిలబెట్టే బాధ్యత కడపటి కుమార్తెకు సంక్రమిస్తాయి. గ్రామ వ్యవహారాలను దర్బార్ ష్నాంగ్ అనే గ్రామసభ నిర్ణయిస్తుంది. ష్నాంగ్ అంటే ఊరు. దర్బారు అన్న మాట మనకు తెలిసినదే. కొండలమీదికి ఎక్కి అది ఖాసీ మాటయై కూర్చున్నది.

కొద్దిపాటి ఖాసీ మాటలు తెలిస్తే ఇక్కడి పటమే చదువరికి పాఠం చెబుతుంది. ఉమ్ అంటే నీరు: ఉమ్‌ంగోట్, ఉమియామ్. మా అంటే రాయి: మాస్మాయ్, మామ్లూ, మాసిన్‌రామ్. నీటి పేర్లు, రాతి పేర్లు కలిసి ఊళ్ళయినాయి. భూగర్భశాస్త్రం చెప్పే మాటనే ఆ ప్రజల భాష ముందుగా చెప్పింది.

నీటి రంగు మారినప్పుడు

ఈ సౌందర్యం శాశ్వతమనుకోవడం పొరపాటు. జయంతియా కొండలలో సున్నపురాతి సమీపంలోనే బొగ్గు కూడా ఉన్నది. మనిషి పాకుతూ మాత్రమే పోగల ఎలుకకలుగులవంటి సొరంగాలు తవ్వి దశాబ్దాలపాటు దానిని తీశారు. ఆ బొగ్గులో గంధకం ఎక్కువ. తవ్వి పారబోసిన గుట్టలమీద గాలి, వాన సోకగా గంధకికామ్లం తయారై వాగులలోకి దిగింది. లూఖా నది శీతకాలంలో వింతైన నీలిరంగుకు మారడం, అందులో చేపలు చనిపోవడం ప్రజలు కన్నారు. క్రాంగ్ సూరి మడుగు నీలానికీ లూఖా నీలానికీ భేదం కంటికి వెంటనే తెలియదు. చేపకు తెలుస్తుంది.

2014 ఏప్రిల్‌లో జాతీయ హరిత న్యాయస్థానం ఈ ఎలుకకలుగు గనులను నిషేధించింది. అయినను తవ్వకం పూర్తిగా ఆగలేదు. 2018 డిసెంబరు 13న క్సాన్ అనే చోట నదినీరు గనిలోకి విరుచుకుపడి 15 మంది కార్మికులు చిక్కుకొన్నారు. నౌకాదళపు గజ ఈతగాళ్ళను రప్పించినా వారిలో ఒక్కరు కూడా ప్రాణాలతో దక్కలేదు. 2019 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం, భూమి యజమానులకు ఖనిజంమీద హక్కు ఉన్నా, చట్టప్రకారం లీజు, అనుమతులు లేకుండా తవ్వరాదని తీర్పు చెప్పింది.

ఇందులో తేలికైన తీర్పు లేదు. బొగ్గు ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. దానిని ఆపినచోట మరొక జీవనం చూపవలసి ఉన్నది. దోనె నడిపే యువకుడు, గుహలో దీపం పట్టే మార్గదర్శి, అతిథికి అన్నం వండిపెట్టే ఇల్లాలు ఆ మరొక జీవనానికి ఉదాహరణలు. నీరు తేటగా ఉన్నంతకాలమే ఆ జీవనం సాగుతుంది. అయితే యాత్రికుల రద్దీ కూడా మితిమీరితే నీటికి భారమే. ప్లాస్టిక్ సీసా గుహలో పారవేసినవాడికీ, బొగ్గుగుట్ట వాగుపక్కన పోసినవాడికీ భేదం పరిమాణంలోనే.

నది దాటే హద్దు

డాకీవద్ద ఉమ్‌ంగోట్ నది మన సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని జాఫ్లాంగ్ వైపు పారుతుంది. గారో కొండల సిమ్‌సాంగ్ అవతల సోమేశ్వరి అవుతుంది. కొండమీద మనం నీటిలో కలిపినదానిని దిగువనున్న రైతు, జాలరి అనుభవిస్తారు. కొండనుండి దిగే మట్టి, రాయి, ఆమ్లం ఏ దేశపు ముద్రా లేకుండానే సాగిపోతాయి. పొరుగువారితో స్నేహం అనే మాటకు ఈ నీటికంటె స్పష్టమైన అర్థం మరొకటి దొరకదు.

తెలుగు విద్యార్థికి ఈ విషయాలు అంత దూరమైనవి కావు. అనంతగిరి కొండలలోని బొర్రా గుహలు గోస్తనీ నది పరిసరాలలో ఇదే రసాయన సూత్రంతో ఏర్పడ్డాయి. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున భూగర్భంలో సాగుతాయి. బిలం అన్న మాటనుండే ఆ పేరు వచ్చిందంటారు. ఆ గుహ లోపల పాతాళగంగ అని పిలుచుకొనే చిన్న ధార నేటికీ రాతిని తొలుస్తూనే ఉన్నది. బెలుంలో ఆ ధారను చూసినవాడు క్రెమ్ చింపేలోని మడుగును అర్థం చేసుకోగలడు. మామ్లూ స్తంభం కథ చదివినవాడు బొర్రాలోని స్తంభంమీద తన పేరు చెక్కడానికి చేయి ఎత్తలేడు.

యాత్ర ముగిసిన పిమ్మట మార్గదర్శికి రుసుముతోపాటు ఒక మాట కూడా చెల్లించడం మర్యాద. ఆ మాట ఖుబ్లే. నమస్కారానికీ, కృతజ్ఞతకూ, దైవం మేలు చేయుగాక అన్న దీవెనకూ ఖాసీ భాషలో ఆ ఒక్క మాటయే చాలును.